సెల్ఫ్ హెల్ప్ ప్లస్: శిబిరంలో ఆడవాళ్ళతో కూర్చుని విన్న కోర్సు గురించి ఒక నర్సు రివ్యూ

యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన ఆడవాళ్ళెవరూ క్లినిక్‌కి వచ్చి "మనసు బాగాలేదు" అని చెప్పరు. నడుం నొప్పి అంటారు. తలపోటు, గుండె దడ, కడుపులో మంట అంటారు. నెలసరి ఆగిపోయింది, బిడ్డకి పాలు చాలట్లేదు అంటారు. ప్రసూతి నర్సుగా సహాయ శిబిరాల్లో పనిచేస్తూ నేను వింటూ వచ్చినవి ఈ మాటలే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 'సెల్ఫ్ హెల్ప్ ప్లస్' కోర్సు మా దగ్గర కూడా నడపబోతున్నారని తెలిసినప్పుడు, మనసు కోసం చేసిన ఈ కోర్సు ఆ నడుం నొప్పి దాకా చేరుతుందా అన్నదే నా ప్రశ్న. మొదటి విడతలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని మొత్తం విన్నాను. ఆ తర్వాత గ్రూపులు నడపడంలో చెయ్యి వేశాను. శిబిరం ఏ దేశంలో ఉందో, వాళ్ళు ఏ ఊళ్ళవాళ్ళో రాయను. వాళ్ళ క్షేమం దానితో ముడిపడి ఉంది.

ముందు కోర్సు ఏమిటో చెప్తాను. వారానికి ఒకటి చొప్పున ఐదు క్లాసులు, ఒక్కోటి సుమారు రెండు గంటలు. ఒక గ్రూపులో ముప్పై మంది దాకా కూర్చోవచ్చు. పాఠం అంతా ముందే రికార్డు చేసిన ఆడియోలో ఉంటుంది. నడిపించేవాళ్ళు సైకాలజిస్టులు కానక్కర్లేదు. కొద్దిపాటి శిక్షణ తీసుకున్న మామూలు మనిషి చాలు. ఆడియో పెట్టడం, మధ్యలో ఆపి అభ్యాసాలు చేయించడం, చిన్న చర్చ నడపడం వాళ్ళ పని. దీనితోపాటు ఎక్కువగా బొమ్మలే ఉండే పుస్తకం ఒకటి ఇస్తారు. ఆ పుస్తకం, అభ్యాసాల ఆడియో 2020 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వేలమంది ఉన్నచోట మానసిక వైద్యులు ఒక్కరు కూడా లేని పరిస్థితి కోసం తయారుచేసిన ఏర్పాటు ఇది. యుద్ధం నడిచిన ప్రాంతాల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా డిప్రెషన్, ఆందోళన, పీటీఎస్‌డీ (ఘోరం జరిగిన తర్వాత కూడా అది మనసుని వెంటాడే జబ్బు) లాంటి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని 2019లో ఆ సంస్థే ఇచ్చిన అంచనా. సరిగ్గా చెప్పాలంటే 22 శాతం. డిప్రెషన్ ఆడవాళ్ళలో ఎక్కువ. ఇంతమందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి మాట్లాడేంత మంది వైద్యులు ఎక్కడా లేరు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం, ఎవరూ తమకి జరిగింది చెప్పుకోనక్కర్లేదు. "మీకేం జరిగింది?" అని ఆడియో ఒక్కసారి కూడా అడగదు. బయటివాళ్ళకి ఇది చిన్న సంగతిగా అనిపించవచ్చు. ఒక టెంటులో చాపల మీద అత్తగారు, తోడికోడలు, పక్క గుడారం మనిషి పక్కపక్కనే కూర్చుంటారు. అక్కడ నోరు తెరిస్తే ఆ మాట సాయంత్రానికి శిబిరం మొత్తం చుట్టి వస్తుంది. పైగా, ఘటన జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి అంతా బయటికి చెప్పించడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థే స్పష్టంగా చెప్తోంది. దానివల్ల మేలు జరగదు, కొందరికి కీడు కూడా జరగవచ్చు. అయినా సదుద్దేశంతో వచ్చే వాలంటీర్లు చేసే మొదటి పని అదే. ఏడిపిస్తే బరువు దిగుతుందనుకుంటారు. ఈ కోర్సు ఆ జోలికి పోదు. మొదటి రోజు మూల కూర్చుని ముఖం కప్పుకున్న ఒకామె, తనని ఎవరూ ఏమీ అడగరని అర్థమయ్యాక రెండో క్లాసుకి ముందు వరసలోకి వచ్చింది.

పాఠాల్లో మొదటిది, ఆలోచనల తుపానులో ఉన్నప్పుడు మళ్ళీ నేల మీదికి రావడం. నిదానంగా ఊపిరి వదలడం, పాదాలు నేలకి గట్టిగా ఆనించడం, చుట్టూ ఏం కనిపిస్తోంది, ఏం వినిపిస్తోంది, చేతిలో ఉన్నది తాకితే ఎలా ఉంది అని గమనించడం, అంతే. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఒకరోజు క్లాసు మధ్యలో శిబిరం మీదుగా హెలికాప్టర్ వెళ్ళింది. సగం మంది లేచి నిలబడ్డారు, ఒక అమ్మాయి బిడ్డని కింద పడుకోబెట్టి మీద వంగిపోయింది. నడిపించే ఆమె ఆడియో ఆపేసి, "పాదాలు నొక్కండి, నా వైపు చూడండి" అంది. కాసేపటికి అందరూ కూర్చున్నారు. వణుకు ఆగడానికి ఇంకా సమయం పట్టింది. భయం పోలేదు. ఆ భయం ఉండగానే మనిషి ఇక్కడ, ఈ చాప మీద ఉండగలిగింది. కోర్సు ఇస్తానన్నది అంతే, అది ఇచ్చింది.

రెండోది, బాధపెట్టే ఆలోచన కొక్కెంలా పట్టుకుని లాక్కుపోతున్నప్పుడు అది గమనించి, "ఇదిగో, ఒక కష్టమైన ఆలోచన వచ్చింది" అని దానికి పేరు పెట్టి, చేస్తున్న పని మీదికి మనసు తిప్పుకోవడం. మూడోది, ఇంత జరిగాక కూడా నాకు ముఖ్యమైనవి ఏవి, ఈ వారం వాటికోసం చేయగలిగిన చిన్న పని ఏది అని ఆలోచించడం. నాలుగోది మనపట్ల మనం దయగా ఉండటం, ఐదోది పోని బాధకి కాస్త చోటివ్వడం.

మూడో పాఠం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. భర్త చనిపోయాడో బతికున్నాడో తెలియని ఆడవాళ్ళు ప్రతి శిబిరంలోనూ ఉంటారు. వాళ్ళు ఏడవడానికి లేదు, ఎదురుచూడటం మానడానికి లేదు. బొట్టు బొట్టుగా చంపే బాధ అది. పౌలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు యుద్ధంలో కనబడకుండా పోయిన పైలట్ల కుటుంబాలతో పనిచేస్తూ దీని మీద ఒక సిద్ధాంతమే కట్టింది. ముగింపు లేని నష్టానికి ముగింపు వెతకడం కాదు, ఆ తెలియనితనంతో కలిసి బతకడం నేర్చుకోవాలన్నది ఆమె చెప్పేదాని సారం. "ఆయన వచ్చేదాకా నేను ఏమీ మొదలుపెట్టను" అని ఫోను పట్టుకునే కూర్చునే ఒకామె, ఆ పాఠం తర్వాత తన కూతురికి రోజూ కొంచెం చదవడం నేర్పుతానంది. ఫోను మాత్రం కింద పెట్టలేదు. పెట్టమని కోర్సు అడగలేదు కూడా. నాకు ఈ పాఠం మీద గౌరవం కలిగింది అక్కడే.

నాలుగో పాఠంలో అరచేతిలో దయ నిండినట్టు ఊహించుకుని, ఒంట్లో ఎక్కడ బాధ ఉందో అక్కడ ఆ చెయ్యి పెట్టుకోమంటారు. ఆడవాళ్ళు ఎక్కడెక్కడ చేతులు పెట్టుకున్నారో చూశాను. కొందరు గుండె మీద, చాలామంది పొత్తికడుపు మీద, నడుం మీద. నేను మొదట వేసుకున్న ప్రశ్నకి సగం జవాబు అక్కడే కనిపించింది. తమ కష్టం ఎక్కడుందో వాళ్ళకి తెలుసు.

ఇది పనిచేస్తుందనడానికి సాక్ష్యం ఉందా? ఉంది. ఉత్తర ఉగాండాలోని రైనో శిబిరంలో, దక్షిణ సూడాన్ యుద్ధం నుంచి వచ్చిన 694 మంది ఆడవాళ్ళతో దీన్ని పరీక్షించి ఫలితాలు 2020లో ప్రచురించారు. ఆడియో వాళ్ళు మాట్లాడే జూబా అరబిక్‌లోనే చేశారు. కోర్సు అయిన మూడు నెలలకి, కోర్సు వినని గ్రామాల ఆడవాళ్ళకంటే విన్నవాళ్ళలో మానసిక వేదన తగ్గింది. టర్కీలో సిరియా శరణార్థులతో చేసినప్పుడు, ఆరు నెలల తర్వాత మానసిక వ్యాధిగా ముదిరినవాళ్ళు కోర్సు విన్న గుంపులో తక్కువ. పశ్చిమ యూరప్‌లో చేసిన పరీక్షలో మాత్రం కోర్సు అయిన వెంటనే కనిపించిన తేడా ఆరు నెలలకి నిలవలేదు. కాబట్టి ఇది అద్భుతమేమీ కాదు, ఓ మోస్తరు మేలు. అయితే ఒక స్పీకరు, కొన్ని చాపలు, శిక్షణ పొందిన ఒక మనిషితో అంత మేలు జరగడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం.

ఇక ఒంటి సంగతికి వస్తాను.

కోర్సు పెద్దవాళ్ళందరి కోసం చేసింది, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ అదే ఆడియో. నెలసరి, గర్భం, చనుబాలు దాని పరిధిలోవి కావు. ఆడవాళ్ళ గ్రూపులో మాత్రం క్లాసు అయిన తర్వాత నా చుట్టూ చేరి అడిగేవి దాదాపు అవే. "సిస్టర్, నాలుగు నెలలైంది రాక. కడుపా?" పరీక్ష చేస్తే కాదు. కాకపోతే ఇంకేదో పెద్ద జబ్బని ఇంకో భయం. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాలి. ప్రమాదం ఉందని మెదడు అనుకున్నంతకాలం ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు ఊరుతూ ఉంటాయి. గుండె వేగంగా కొట్టుకోవడం, మెడ, నడుం కండరాలు బిగుసుకోవడం, నిద్ర పట్టకపోవడం వాటివల్లే. కాసేపటికి చల్లబడాల్సిన ఆ వ్యవస్థ నెలలపాటు అలాగే నడిస్తే, అండాశయాలకి వెళ్ళే సంకేతాలని మెదడు తగ్గించేస్తుంది. అండం విడుదల కాదు, నెలసరి ఆగుతుంది. పరిస్థితి కుదుటపడి, తిండీ నిద్రా దొరికితే చాలావరకు తిరిగి వస్తుంది. ఇది కొత్త సంగతి కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం హాంగ్‌కాంగ్‌లోని స్టాన్లీ శిబిరంలో బంధించిన ఆడవాళ్ళలో చాలామందికి నెలసరి ఆగిపోయిందని యుద్ధం అయ్యాక వైద్య పత్రికలో రాశారు. ఈ మాట చెప్పినప్పుడు వాళ్ళ ముఖాల్లో వచ్చే మార్పు చూడాలి. తన ఒళ్ళు చెడిపోలేదు, తట్టుకోవడానికి అలా చేసిందని తెలియడమే సగం వైద్యం.

అలాగని ప్రతిదీ టెన్షన్ ఖాతాలో వేయకూడదు. నాకు ఎక్కువ కోపం తెప్పించిన విషయం ఇదే. కోర్సు మొదలయ్యాక, మందులిచ్చే చోట కొందరు సిబ్బంది ఏ ఆడమనిషి ఏం చెప్పినా "అది స్ట్రెస్ అమ్మా, క్లాసుకి వెళ్ళు" అని పంపడం మొదలుపెట్టారు. అలా పంపిన ఒకామెకి గుండె దడ, ఆయాసం. క్లాసు మధ్యలో ఆమె కనురెప్ప కింద చూశాను, తెల్లగా పాలిపోయి ఉంది. రక్తం బాగా తగ్గిపోయింది. ఎన్నిసార్లు నిదానంగా ఊపిరి పీల్చినా హిమోగ్లోబిన్ పెరగదు. గర్భిణికి తలపోటు వస్తే ముందు బీపీ చూడాలి, చూపు మసకబారుతోందా అని అడగాలి. యుద్ధంలో ఆకలి, భయం జంటగానే వస్తాయి. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతాల్లో జర్మన్ దిగ్బంధం వల్ల కరువు వచ్చినప్పుడు గర్భాలు తగ్గిపోయాయి, పుట్టిన పిల్లలు తక్కువ బరువుతో పుట్టారు. అప్పుడు కడుపులో ఉన్నవాళ్ళలో కొందరికి ఆ ఆకలి ప్రభావం పెద్దయ్యాక కూడా ఆరోగ్యంలో కనిపించింది. ఒక ఆడమనిషి ఒంట్లో ఏది ఆకలి చేసింది, ఏది భయం చేసింది అన్నది చాప మీద కూర్చోబెట్టి తేల్చేది కాదు.

చనుబాల విషయంలో శిబిరాల్లో జరిగే నష్టం నన్ను చాలా బాధపెడుతుంది. "భయానికి పాలు ఎండిపోయాయి" అని తల్లీ నమ్ముతుంది, పక్కవాళ్ళూ నమ్ముతారు, ఎవరో దానమిచ్చిన డబ్బాపాలు చేతిలో పెడతారు. నిజానికి తీవ్రమైన ఒత్తిడిలో పాలు తయారుకావడం ఆగిపోదు. పాలు దిగేలా చేసే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ కాసేపు తగ్గడం వల్ల అవి దిగడం ఆలస్యమవుతుంది. తల్లిని ప్రశాంతంగా కూర్చోబెట్టి, బిడ్డని ఒంటికి ఆనించి, మళ్ళీ మళ్ళీ పట్టిస్తే దిగుతాయి. శుభ్రమైన నీళ్ళు లేనిచోట డబ్బాపాలు బిడ్డ ప్రాణం మీదికి తెస్తాయి. ఇక్కడ కోర్సులోని మొదటి పాఠం నాకు బాగా ఉపయోగపడింది. పాలిచ్చే ముందు పాదాలు నేలకి ఆనించి నిదానంగా ఊపిరి వదలమని తల్లులకి విడిగా నేర్పాను. ఇది కోర్సులో లేదు, నేను జోడించుకున్నది. శిబిరంలో ప్రసూతి పని చేసేవాళ్ళందరికీ చెప్తాను, ప్రయత్నించండి.

మరుగుదొడ్ల సంగతి కూడా ఈ రివ్యూలోదే. మా దగ్గర మూత్రంలో మంట అని వచ్చే ఆడవాళ్ళు విపరీతం. కారణం అడిగితే ఒకటే. రాత్రిపూట మరుగుదొడ్డికి వెళ్ళడానికి భయం, అందుకని సాయంత్రం నుంచి నీళ్ళు తాగరు, తెల్లారేదాకా బిగబట్టుకుంటారు. ఒకచోట దీపం లేదు, ఇంకోచోట లోపల గడియ లేదు. మానవతా సహాయానికి పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, ఉమ్మడివైతే మగవాళ్ళకి ఒకటుంటే ఆడవాళ్ళకి మూడు, లోపలినుంచి వేసుకునే గడియ, వెలుతురు ఉండాలని రాసి ఉంది. నాలుగో క్లాసు అయ్యాక ఒక పెద్దావిడ లేచి, "ఊపిరి పీల్చడం బాగానే ఉంది. ఆ తలుపుకి గడియ ఎప్పుడు పెడతారు?" అని అడిగింది. ఆవిడ అడిగింది ముమ్మాటికీ సరైనది. నిజంగా ఉన్న ప్రమాదానికి భయపడటం జబ్బు కాదు. ఆ భయాన్ని ఓర్చుకోవడం నేర్పి, ప్రమాదాన్ని అలాగే వదిలేస్తే మనం వాళ్ళకి అన్యాయం చేసినట్టే. గడియల కోసం మేము చాలా కాగితాలు రాయాల్సి వచ్చింది. పెట్టిన తర్వాత ఆడవాళ్ళ నిద్ర మెరుగుపడింది.

లైంగిక హింస జరిగిన ఆడవాళ్ళ విషయంలో గట్టిగా చెప్తున్నాను, ఐదు వారాల కోర్సు దానికి మొదటి మెట్టు కాకూడదు. అక్కడ గంటలు లెక్క. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, గర్భం రాకుండా ఇచ్చే అత్యవసర మాత్ర 120 గంటల లోపు వేసుకోవాలి, అదీ ఎంత త్వరగా అయితే అంత మంచిది. కాబట్టి గ్రూపు నడిపే ప్రతి మనిషికీ ఎవరిని, ఎక్కడికి, ఎలా గుట్టుగా పంపాలో నోటికి వచ్చి ఉండాలి. ఇంకో మాట, ఇలాంటి అనుభవం ఉన్నవాళ్ళలో కొందరికి కళ్ళు మూసుకుంటే ఆ దృశ్యాలే ముందుకొస్తాయి. మా గ్రూపుల్లో అభ్యాసాలన్నీ కళ్ళు తెరిచే చేయొచ్చని ప్రతిసారీ ముందే చెప్పాం. చచ్చిపోవాలనే ఆలోచన ఉన్నవాళ్ళనీ, తమని తాము చూసుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళనీ గ్రూపులో కూర్చోబెట్టి ఊరుకోకూడదు, నేరుగా వైద్యం దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఏర్పాట్ల మాటకొస్తే, రెండు గంటలు పసిబిడ్డ తల్లికి చాలా ఎక్కువ. పిల్లల్ని చూసుకోవడానికి పక్కన మనుషుల్ని పెట్టకపోతే మొదటి అరగంటకే సగం మంది లేచిపోతారు. సామాన్లు పంచే రోజున క్లాసు పెడితే ఎవరూ రారు. ఆడియో గొంతు వాళ్ళ యాసకి దగ్గరగా ఉండటం చాలా అవసరం. పుస్తకం చదవడం రాని ఆడవాళ్ళకి బొమ్మలు బాగా పనికొచ్చాయి. ఒకరికొకరు వేలితో చూపించుకుంటూ కథ చెప్పుకునేవాళ్ళు.

యుద్ధం మధ్య గానీ దాని నీడలో గానీ ఉన్న ఆడవాళ్ళతో పనిచేసే ఎవరికైనా నేను దీన్ని సిఫారసు చేస్తాను, ఒక షరతు మీద. దీన్ని మానసిక ఆరోగ్యం బోర్డు పెట్టిన వేరే గుడారంలో నడపకండి, ఆ గుడారంలోకి నడిచి వెళ్ళే ధైర్యం చాలామందికి ఉండదు. గర్భిణులకి పరీక్షలు చేసే చోటే, ఆ రోజే, ఆ వరండాలోనే నడపండి. క్లాసుకి ముందు బీపీ చూడండి, రక్తం పరీక్షించండి. క్లాసు అయ్యాక ఒక ప్రసూతి నర్సు అక్కడే ఒక గంట కూర్చుని ఉండాలి, నెలసరి గురించీ పాల గురించీ అడిగేవాళ్ళ కోసం. మా తర్వాతి విడత అలాగే పెట్టించాను. వచ్చేవాళ్ళు పెరిగారు, మధ్యలో మానేసేవాళ్ళు తగ్గారు. ఆ గంటని పట్టికలో శాశ్వతంగా చేర్చమని ఇప్పుడు పైవాళ్ళని అడుగుతున్నాను.